అన్న వేసిన స్లాబ్ కింద

దేవునికి స్తోత్రం. రాత్రి కన్ను మూసిన నన్ను పొద్దున లేపిన ఆయనకు స్తోత్రం. ఏడ్చిన ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగించిన ఆయనకు స్తోత్రం. ముందు ఈ మాట చెప్పకుండా నేను ఏ మాటా మొదలుపెట్టను. ఈ మాట అసలే మొదలుపెట్టలేను.

ఒట్టు పెట్టుకోకూడదని మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు. కాబట్టి ఒట్టు పెట్టను. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పే నోటితోనే చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. అయిజలో, మా అన్న ఇంట్లో. నేను తాగను. ఆ రోజు నాకు జ్వరం లేదు. నిద్రలోనూ లేను. నిద్రలో ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా అన్న పేరు ఏలియా. సెంట్రింగ్ మేస్త్రీ. స్లాబ్ పోసే ముందు కింద కట్టెలు నిలబెట్టి, పైన రేకులు పరిచి, సిమెంటు గట్టిపడేదాకా ఆ బరువును మోయించే పని. ఇరవై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ మోయించాడు. తన ఇల్లు మాత్రం పాత మట్టి మిద్దె. వాన పడితే వదిన గిన్నెలు పెట్టుకుంటూ తిరిగేది. ఈ మార్చిలో ముందు గది మిద్దె విప్పి స్లాబ్ వేశాడు. అదే ఇక ఇంట్లో పెద్ద గది. వదిన మరియమ్మ, ఏడేళ్ల కూతురు కృప అందులోనే పడుకోవాలని ఆయన ఆశ.

నేను వనపర్తిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ సారును. జీతం కోత మీద వారం సెలవు పెట్టి సాయానికి వచ్చాను. సాయం అంటే ఏముంది... టీలు అందించాను.

అన్నకు ఒక అలవాటు ఉండేది. స్లాబ్ పోసిన రాత్రి నుంచి, పడుకునే ముందు సుత్తి పట్టుకొని కట్టెల మధ్య తిరిగేవాడు. ఒక్కో కట్టెకు రెండు దెబ్బలు. తర్వాత మెల్లగా 'స్తోత్రం' అనేవాడు. మళ్లీ తర్వాతి కట్టె. బిగువుగా ఉన్న కట్టె టక్‌మని మోగుతుంది. వదులైన కట్టె బొద్‌మని మోగుతుంది. చెవితోనే పట్టేవాడు. వదులైతే దాని కింద ఉన్న చెక్కను సుత్తితో లోపలికి జరిపి బిగించేవాడు. ఆ గదిలో ఐదు వరుసలు, వరుసకు ఏడు. ముప్పై ఐదు కట్టెలు. ముప్పై ఐదు స్తోత్రాలు.

స్లాబ్ పోసిన ఆరో రోజు పొద్దున గద్వాలకు వేరే పని మీద వెళ్తూ, "రత్నం, నేను వచ్చెదాంక పైన నీళ్లు జూసుకో రా" అన్నాడు. మధ్యాహ్నం అక్కడే ఛాతీ పట్టుకొని కూర్చున్నాడట. దవాఖాన గేటు దాటకముందే పోయాడు. నలభై రెండేళ్లు.

ఇక్కడే నా తప్పు చెప్పాలి. చెప్పకుండా మిగతాది చెబితే అది సాక్ష్యం కాదు, కథ అవుతుంది.

కొత్త స్లాబ్‌కు రోజూ నీళ్లు పట్టాలి. పైన చిన్న గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఆరిపోతే సిమెంటుకు బలం రాదు. అది మార్చి ఎండ. కానీ మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన, జరిగేదాకా చావు జరిగిన ఇంట్లో ఎవరూ పని ముట్టరు. మా కూడిక నాలుగో రోజున పెట్టారు. రెండో రోజే నాకు గుర్తొచ్చింది. పైపు అక్కడే చుట్టి ఉంది. మోటారు స్విచ్ నా భుజానికి తగులుతోంది. వాకిట్లో టెంటు కింద పెద్దలు పాటలు పాడుతున్నారు. అన్నను మట్టిలో పెట్టి ఒక్క రోజు కాలేదు, తమ్ముడు అప్పుడే ఇల్లు చూసుకుంటున్నాడు అంటారేమోనని... కదలలేదు. పాట అందుకున్నాను. కూడిక అయ్యాకే మళ్లీ నీళ్లు పట్టాను; అప్పటికి నాలుగు రోజులు స్లాబ్ ఎండింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

కూడిక అయిన మర్నాడు స్కూలుకు ఫోన్ చేసి ఇక రానని చెప్పాను. అన్న చేతి కింద నలుగురు పనివాళ్లు ఉన్నారు. గద్వాలలో అన్న ఒప్పుకున్న ఒక ఇల్లు ఉంది. ఇంటాయన ఫోన్ చేశాడు. "మీ అన్న మంచోడు. గాని నా పని ఆగద్దు గద తమ్మీ. మంగళవారం పొద్దుగాలకు నా కాడ కట్టెలు దిగాలె. దిగకపోతే వేరే మేస్త్రీని జూసుకుంట, ఏమనుకోకు." అన్న ఉంటే ఎవరి దగ్గరైనా ఇంకో సెట్టు కట్టెలు అడిగి తెచ్చేవాడు. నాకెవరిస్తారు? ఉన్నది ఒకటే సెట్టు. మా ముందు గదిలో స్లాబ్‌ను మోస్తున్న ముప్పై ఐదు కట్టెలు. మంగళవారానికి స్లాబ్ వయసు పద్నాలుగు రోజులు. ఆ పని పోతే నలుగురూ చెదిరిపోతారు. నేను సారునూ కాను, మేస్త్రీనీ కాను.

సోమవారం సాయంత్రం మైబన్న వచ్చాడు. మహబూబ్. అన్నతో పదిహేనేళ్లు పని చేసిన మనిషి. కట్టెల మధ్య నిలబడి తల పైకెత్తి చూశాడు.

"మీ అన్న ఇరవయ్యొక్క దినాలు గాకుండ ఎవ్వలింట్ల కట్టె ముట్టలే. నీకేం తొందర కంప్యూటర్ సారూ? గిది బటన్ నొక్కంగనే అయ్యేది గాదు."

"గద్వాల పని పోతది మైబన్నా."

"చిన్న గదే... చూస్తె చూడొచ్చు." గడ్డం గోక్కున్నాడు. "నీళ్లు మంచిగ పట్టినవా? ఒక్క పూట గిట్ల తప్పలే గద?"

"తప్పలే" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"అయితె పొద్దుగాల ఆరింటికి వస్తం. జర దువా చేసుకొని పండు" అని వెళ్లిపోయాడు.

ముందు గదికి ఇంకా తలుపు పెట్టలేదు. సామాను పోతుందని అన్న భూస్థాపన అయిన రాత్రి నుంచి నేనే అక్కడ పడుకుంటున్నాను. రెండో వరుసకూ మూడో వరుసకూ మధ్య చాప. వదిన, కృప వెనక రేకుల గదిలో. లోపలి నుంచి గడియ. ఆ రాత్రి మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థన చేశాను. గద్వాల పని గురించి చేశాను. నీళ్ల గురించి చేయలేదు. ఆయనకు తెలిసిన సంగతే... అయినా ఆయనతో అనలేదు.

ఎంత రాత్రయిందో తెలియదు. మెలకువ వచ్చింది. చీకటి. పైనుంచి ఎక్కడో ఒక నీటి చుక్క పడింది. చాలాసేపటికి ఇంకోటి. తడి సిమెంటు వాసన. వీధిలో కుక్క కూడా అరవడం లేదు.

టక్... టక్.

రేకుల గది వైపు మూల నుంచి.

ఏమీ అనుకోలేదు. కట్టె ఆరితే చిటుక్కుమంటుంది కదా.

టక్... టక్.

కాస్త ఇవతల.

ఎలుక అనుకున్నాను. కానీ ఎలుక రెండేసి కొట్టి ఆగదు. ఇది ఆగుతోంది. ఆ ఆగడం ఎంతసేపో తెలుసా... ఒక మనిషి మెల్లగా 'స్తోత్రం' అనేంతసేపు. సరిగ్గా అంతే. ఆ మాట మాత్రం లేదు. దాని చోటు ఖాళీగా ఉంది.

టక్... టక్. ఖాళీ.

టక్... టక్. ఖాళీ.

అడుగుల చప్పుడు లేదు. నేలంతా ఇసుక, కంకర. పిల్లి నడిచినా కరకరమంటుంది. ఏమీ లేదు. దెబ్బలు మాత్రం ఒక్కో కట్టె దాటి వస్తున్నాయి. తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఏడు. వరుస చివర మలుపు తిరిగి రెండో వరుసలోకి వచ్చింది. అన్న అలాగే తిరిగేవాడు. ఒక వరుసలో వెళ్లి పక్క వరుసలో తిరిగొచ్చేవాడు.

ఫోను తల కిందే ఉంది. లైటు వేస్తే సరిపోతుంది. చెయ్యి రాలేదు. నాలుక మీద 'ప్రభువా' అనే మాట వచ్చి అక్కడే ఆగింది. తర్వాతి మాట దొరకలేదు. ఇరవై ఏళ్లుగా నోటికొచ్చిన ప్రార్థనలన్నీ ఎక్కడికి పోయాయో!

పదకొండు. పన్నెండు.

నా తల పక్క కట్టె.

టక్...

దాన్ని చెవితో వినలేదు. చెంపతో విన్నాను. చాప కింద నేల సన్నగా అదిరింది.

...టక్.

ఆ తర్వాత ఆగింది. ఈసారి ఎక్కువసేపు. ఊపిరి బిగబట్టాను. ఎవరో నన్నే చూస్తున్నారు అని చెబితే మీరు నమ్ముతారు, కానీ నేను అబద్ధం చెప్పను... అలా అనిపించలేదు. పని చేసుకుంటూ పోయే మనిషి, దారిలో ఎవరో పడుకొని ఉంటే తొక్కకుండా దాటడానికి కాస్త ఆగుతాడు చూడండి. అలా ఆగింది. అంతే. మళ్లీ బయలుదేరింది.

రెండో వరుస అయింది. మూడో వరుస అయింది. నాలుగో వరుస... ఒకటి... రెండు...

బొద్.

ఒక్కటే దెబ్బ. ఆగింది.

బొద్.

తర్వాత ఒక చప్పుడు. కిర్ర్... చెక్క నేల మీద ఒరుసుకుంటూ లోపలికి జరిగిన చప్పుడు. ఆరు రోజులు విన్నాను దాన్ని. పొరపడే ప్రశ్నే లేదు.

టక్... టక్.

తర్వాత ఏమీ లేదు. ఇంకా పదకొండు కట్టెలు మిగిలాయి. ఎదురుచూశాను. భయంతోనే, కానీ ఎదురుచూశాను. రాలేదు. పూర్తి కానిదాన్ని అలా వదిలేసి వెళ్లడం... అన్నకు ఆ అలవాటు లేదు.

మసీదులో అజాన్ వినబడేదాకా అలాగే పడి ఉన్నాను. వెలుతురు రాగానే ఆ కట్టె దగ్గరికి వెళ్లాను. కింద చెక్క లోపలికి జరిగి ఉన్నట్టే ఉంది. దాని మీద సుత్తి గుర్తు ఉంది. రాత్రి పడిందా, అన్న ఉన్నప్పటిదా? చెప్పలేను. ముందు రోజు దాన్ని చూసి ఉంటే కదా! అన్న సుత్తి వదిన గదిలో మేకుకు వేలాడే సంచిలో ఉంది. ఆ గది గడియ ఇంకా తీయలేదు.

ఆరింటికి మైబన్న ఇద్దరు పనివాళ్లతో దిగాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏంది సారూ, రాత్రంత దయ్యంతోని కుస్తీ పట్టినవా? కండ్లు గట్లున్నయ్! మొదటి పనికే గిట్లయితె ఎట్ల?"

పనివాళ్లు నవ్వారు. ఒకతను సుత్తి తీసి మొదటి వరుస వైపు నడిచాడు. వంగాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"నాలుగు దినాలు నీళ్లు పట్టలే మైబన్నా."

"ఏందీ?"

"అన్న పోయిన దినం నుంచి కూడిక దాంక... పైన ఎండింది. నిన్న నీకు జూట్ చెప్పిన."

పనివాడు లేచి నిలబడ్డాడు. మైబన్న రేకుల గది వైపు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ పోరి పండేది గీ గదిల్నే గద రా."

తల వంచుకున్నాను.

"మీ అన్నుంటె గీ కట్టె నీ ఈపు మీద ఇరిగేది" అని పైకి ఎక్కాడు. ఎక్కడెక్కడో కూర్చొని వేలితో రాసి చూశాడు. నాలుగో వరుస మూడో కట్టెకు సరిగ్గా పైన ఒక వెంట్రుకంత గీత ఉందని దిగి వచ్చి చెప్పాడు. "ఎండిన స్లాబ్‌కు గసొంటివి చానా ఉంటయ్. ఇంకో రెండు దిక్కుల గూడ ఉన్నయ్. పగుళ్లు గావు, గీతలు" అన్నాడు తేలిగ్గా. రాత్రి సంగతి ఆయనకు చెప్పలేదు. "ఇంకో పదునాలుగు దినాలు ఎవ్వలు ముట్టద్దు. పొద్దుగాల, మధ్యాహ్నం, మాపటికి నీళ్లు పట్టు. గద్వాలాయనకు నేను చెప్త. పని పోతె పోనీ. తమ్మీ, మల్ల నాకు జూట్ చెప్పకు."

గద్వాల పని పోయింది. నలుగురిలో ఇద్దరు వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. ఆ దినం నేను ఏడవలేదు. నెమ్మదిగానే ఉన్నాను. కథ అక్కడ ఆగి ఉంటే దేవదూత వచ్చి మా ఇంటిని కాపాడాడని సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేవాణ్ని.

సాయంత్రం వదిన టీ తెచ్చింది. మైబన్న పొద్దున కట్టెలు తీయకుండా ఎందుకు వెళ్లిపోయాడని అడిగింది. మొత్తం చెప్పాను, నీళ్ల సంగతి. ఆమె కోపం చేసుకోలేదు. "ఆ నాలుగు దినాలు మనకెవ్వలకు సోయి ఉన్నది రత్నం" అంది. ఖాళీ పళ్లెం తీస్తూ అంది...

"ఊకే మనసుల పెట్టుకోకు. నువ్వెంత భద్రంగ జూస్తున్నవో నాకు తెల్వదా? కూడికైన కాడికెల్లి ఒక్క రాత్రి తప్పలే. మీ అన్న లెక్కనే రెండేసి కొడ్తవ్. ఆ సప్పుడు ఇంటెనే నాకు ఇంత నిద్ర పడ్తున్నది."

గ్లాసు కింద పెట్టాను.

నేను ఒక్క రాత్రి కూడా కొట్టలేదు.

ఐదు రాత్రులు ఆమె వింది. నేను అదే గదిలో, కట్టెల మధ్య మొద్దు నిద్ర పోయాను. ఐదో రాత్రి మాత్రం నాకూ మెలకువ వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పాలి. నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. కళ్ల కింద నలుపు కాస్త తగ్గింది.

"అవును వదినా" అన్నాను.

ఒక అబద్ధం ఒప్పుకున్న రోజే రెండోది మొదలుపెట్టాను. దాన్ని నిజం చేద్దామని ఆ రాత్రి సుత్తి తీసుకున్నాను. ముప్పై ఐదు కట్టెలకూ రెండేసి దెబ్బలు. స్తోత్రం పైకే అన్నాను, గట్టిగా. చీకటిలో ఏదైనా ఉంటే వినాలని. ఏమీ జరగలేదు. చెవుల్లో దూది పెట్టుకొని పడుకున్నాను.

పొద్దున కృప పళ్లు తోముకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"చిన్నాయినా, రాత్రి రెండుపార్లు తిరిగినవేంది?"

"ఒక్కపారే తిరిగిన బిడ్డా."

"ఊహు. అమ్మ పండినంక మల్ల తిరిగినవ్. గప్పుడు స్తోత్రం అనలే."

పిల్ల మాట. కలగన్నదేమో. మళ్లీ అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మా అయ్యగారికి అంతా చెప్పాను. ఆయన నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన సంఘ కాపరి. కళ్లు మూసుకొని, "చనిపోయినవారు ప్రభువులో నిద్రిస్తున్నారు, వాళ్లు వచ్చి సుత్తి పట్టుకోరు. అది నీకు తెలుసు" అన్నారు. తెలుసు. పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. "మరి ఆ చప్పుడు వినబడినప్పుడు నీకు భయం కలిగిందా, నెమ్మది కలిగిందా?" అని అడిగారు. రెండూ అన్నాను. శత్రువైన సాతాను పని అయితే నాచేత నిజం ఎందుకు చెప్పిస్తాడు? దేవుని పని అయితే పదకొండు కట్టెలు ఎందుకు మిగులుతాయి? నా మనస్సాక్షే అంటే... వదిన చెవిలో నా మనస్సాక్షి ఎలా మోగుతుంది? ఏ వైపు తిరిగి పడుకున్నా ఈ ప్రశ్నలే.

ఈ మంగళవారానికి ఇరవై ఎనిమిది రోజులు. మైబన్న ఏడింటికి వస్తానన్నాడు. వదిననూ కృపనూ ఎదురింటికి పంపుతాను. మొదటి కట్టె నేనే తీస్తాను, లోపల ఒక్కణ్నే ఉండి. నాలుగు రోజులు ఎండబెట్టింది నేను కాబట్టి, అది కూలితే నా మీదే కూలాలి. నిలబడుతుందని మైబన్న అంటున్నాడు. నాకూ అదే నమ్మకం. నా భయం స్లాబ్ గురించి మాత్రమే కాదు. కట్టెలన్నీ తీశాక ఆ గదిలో కొట్టడానికి ఏమీ ఉండదు. ఆ రాత్రి వదిన కళ్లు తెరుచుకొని పడుకొని, చప్పుడు కోసం ఎదురుచూస్తుంది. అప్పుడు ఆమెకు నిజం చెప్పాలి. ఏ నిజమో నాకే తెలియదు.

అందుకే ఇది రాశాను. మీరు చదువుతున్న చోటే ఒక్క నిమిషం ఆగండి. నాతో పాటు తల వంచండి. దేవా, ఆ పైకప్పును నిలబెట్టు. దాని కింద విధవరాలికి, తండ్రి లేని బిడ్డకు చప్పుడు లేని రాత్రుల్లో కూడా నిద్ర ఇవ్వు. మా ఇంట్లో తిరిగింది నీవు పంపినదైతే మా కృతజ్ఞత అందుకో, కాకపోతే దాన్ని వెళ్లగొట్టు. నా నోటికి మంగళవారం సాయంత్రం ఒక్క నిజమైన మాట ఇవ్వు. ఆమేన్ అని మీరూ అనండి... కాస్త పైకే అనండి.